మిషను వదిలిన చోటు

పాత నల్ల కుట్టుమిషను పలక మీద, సూదికి కుడిపక్కన, రెండు చిన్న మర రంధ్రాలు ఉంటాయి. చాలా ఇళ్ళలో అవి దుమ్మూ నూనె జిడ్డూ పట్టి, ఉన్నాయన్న సంగతి కూడా ఎవరికీ తెలియకుండా ఉండిపోతాయి. కుట్టడానికి వాటితో పనిలేదు. సూది దిగుతుంది, పళ్ళు గుడ్డని వెనక్కి లాగుతాయి, కింద బాబిన్ దారం పైదారంతో ముడిపడుతుంది. ఇందులో ఆ రంధ్రాల ప్రమేయం ఏమీ లేదు. అయినా ఫ్యాక్టరీవాళ్ళు పనిగట్టుకుని వాటిని తొలిచి, లోపల మరలు చెక్కి, ఖాళీగా వదిలి పంపారు. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒకటి అక్కడ బిగించుకుంటారని. పాత మిషన్ల మీద నాకున్న ప్రేమ ఆ ఖాళీల దగ్గరే మొదలవుతుంది.

కన్ను అలవాటు పడిందంటే అలాంటివి ఇంకా దొరుకుతాయి. చాలా మిషన్లకు చక్రం దగ్గర, వెనకవైపు ఒక బొడిపె ఉంటుంది, దానికో మర రంధ్రం. మోటారు కావాలన్నవాళ్ళు అక్కడ మోటారు బిగించుకోవచ్చు. కాళ్ళ నొప్పులతో తొక్కలేనివాళ్ళు చేతిపిడి పెట్టించుకోవచ్చు. గుడ్డని నొక్కి ఉంచే పాదాన్ని పట్టి ఉంచేది ఒకే ఒక్క మర, అది వదులు చేస్తే ఏ పాదమైనా దిగుతుంది, ఏదైనా ఎక్కుతుంది. తయారుచేసినవాళ్ళు తమ వంతు పని చేసి, మిగతాది వాడేవాళ్ళకి వదిలిపెట్టారు. ఇవాళ్టి ప్లాస్టిక్ ఒంటి మిషన్లలో ఎన్నో రకాల కుట్లు వస్తాయి, వాటిని తక్కువ చెయ్యను. కానీ వాటి ముందు కూర్చున్నప్పుడు అన్నీ ముందే ఎవరో నిర్ణయించేశారని తెలుస్తూ ఉంటుంది. పాత మిషను ముందు కూర్చుంటే, నాకేం కావాలో నేనే ఆలోచించుకోవాలి.

మన ఇళ్ళలోని నల్ల మిషన్లలో ఎక్కువ భాగానికి మూలం సింగరు కంపెనీవాళ్ళ పదిహేనో రకం. స్కాట్లండులో, గ్లాస్గో పక్కన ఉన్న క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్ళో ఆ కంపెనీ 1880లలో కట్టిన పెద్ద ఫ్యాక్టరీ 1980 దాకా నడిచింది. సింగరు మోడలు అంకె పక్కన 'కె' అన్న అక్షరం ఉందంటే అది అక్కడ పుట్టిందని గుర్తు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాను కంపెనీలు ఆ పదిహేనో రకాన్నే తీసుకుని లక్షల మిషన్లు చేశాయి. అంతకుముందే, 1930లలో, కలకత్తాలో జయ్ ఇంజినీరింగ్ వర్క్స్ ఉషా మిషన్లు తయారుచేయడం మొదలుపెట్టింది. మనం చిన్నప్పటినుంచీ చూసిన నల్ల ఉషా కూడా ఆ వంశంలోదే. పేర్లు వేరు, బంగారు రంగు పువ్వుల ముద్రలు వేరు, కానీ లోపలి కొలతలు ఒక్కటే. అందుకే సూది, బాబిను, పాదం ఒకదానివి ఇంకోదానికి పట్టేస్తాయి. తెనాలి బజార్లో కొన్న పాదం గ్లాస్గో పక్కన పుట్టిన మిషనుకి ఎక్కుతుంది. ఇంట్లో మనం ఏదైనా చేసుకోగలుగుతున్నామంటే ఆ కొలతలు ఇన్నేళ్ళుగా మారకుండా నిలబడటం వల్లే. కొలత నిలకడగా ఉన్నచోటే చేతికి ధైర్యం వస్తుంది.

మిషనుకి బిగించుకునే పరికరాలు సింగరువాళ్ళే ఎన్నో అమ్మారు. 1889లో పేటెంటు పొందిన ఒక చెక్కపెట్టె ఉంది. మూసి ఉంటే మామూలు చిన్న పెట్టె, విప్పితే పలకలు పలకలుగా పరుచుకుంటుంది. ఆ పలకల మీద ఉక్కు పరికరాలు అమర్చి ఉంటాయి. అంచు మడిచేది, కుచ్చులు పోసేది, పట్టీ వేసేది, మడత గీత గీసేది, ఇలా. ఇంగ్లండు, అమెరికా ఇళ్ళలో ఆ రోజుల్లో స్త్రీలు తొడిగిన బట్టల్ని చూస్తే అవన్నీ ఎందుకో అర్థమవుతుంది. ఆ గౌన్లూ, లోపావడాలూ, జాలరులూ అలాంటి పని అడిగేవి. ఆ పెట్టె మా పెద్దమ్మ ఇంటికి రాలేదు. మిషను ఒక్కటే వచ్చింది. ఆవిడ కుట్టేవి జాకెట్లూ, పరికిణీలూ, చీరలకు ఫాల్సూ.

పరికిణీకి అడుగున మడతలు కుట్టడం తెలుసు కదా. ఎదిగే పిల్లకు పట్టు పరికిణీ ఒక్క ఏడాదితో ఆగకూడదని, అంచుకు పైన అంగుళం చొప్పున వరసగా మడతలు వేసి కుడతారు. పిల్ల పొడుగయ్యేకొద్దీ ఒక్కో మడత విప్పుతారు. మడత వెడల్పు చుట్టూతా ఒకేలా రావాలి. పట్టు బిరుసుగా ఉంటుంది, జరీ ఉన్నచోట ఇంకా బిగుసుకుంటుంది. కంటి అంచనాతో మూడు గజాల ఘేరా కుట్టేసరికి ఒకచోట మడత లావెక్కుతుంది, ఇంకోచోట సన్నబడుతుంది. "ఏవండీ, దీనికి అడ్డంగా ఏదన్నా గోడలాంటిది ఉంటే బావుణ్ణు, గుడ్డ దానికి ఆనించి నడిపేసేదాన్ని" అందిట ఒకరోజు పెద్దమ్మ. పెదనాన్న రైస్ మిల్లులో ఫిట్టరు. ఆయన ఏమీ అనలేదట, పలక మీది రంధ్రాల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళాడట.

ఆయన చేసినది ఇప్పుడు నా దగ్గర ఉంది. బొటనవేలంత వెడల్పున్న ఇత్తడి పట్టీ. ఒక కొసను నిలువుగా పైకి వంచాడు, అదే గోడ. పడుకున్న భాగంలో ఒక పొడుగాటి చీలిక. చీలిక చెయ్యడానికి ముందు వరసగా రంధ్రాలు తొలిచి, మధ్య మిగిలిన ఇత్తడిని ఆకురాయితో అరగదీసి కలిపేశాడు. దగ్గరగా పట్టుకుని చూస్తే ఆ రంధ్రాల గుండ్రటి అంచులు లోపలివైపు ఇంకా కనిపిస్తాయి. చీలికలోంచి మర దిగి పలక రంధ్రంలో బిగుస్తుంది. మర వదులు చేసి పట్టీని జరిపితే మడత వెడల్పు మారుతుంది. రంధ్రం చేసి ఊరుకుంటే ఒకే కొలత, చీలిక పెట్టాడు కాబట్టి ఎన్ని కొలతలైనా. గోడ కొసలు రెండూ కాస్త బయటికి ఒంపు తిరిగి ఉంటాయి, పట్టు దారం పోగు లేవకుండా. ఆ ఒంపును పెద్దమ్మ అడగలేదు. కుట్టేటప్పుడు పక్కన కూర్చుని చూసినవాడికి మాత్రమే తట్టే సంగతి అది.

మర సంగతి కూడా చెప్పాలి, ఇలాంటివి చేసుకోవాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది. సింగరు మిషన్ల మరల పిచ్చు, అంటే చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం, హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే మామూలు మరలతో కలవదు. ఒకటి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కుతుంది, ఆపైన బిగుసుకుంటుంది. బలవంతంగా తిప్పితే పలకలోని మరలు చెడతాయి, ఇక ఆ రంధ్రం ఎందుకూ పనికిరాదు. మిషన్లు బాగుచేసేవాళ్ళ దగ్గర చచ్చిపోయిన మిషన్లలోంచి ఊడదీసిన మరల డబ్బా ఒకటి తప్పకుండా ఉంటుంది. అందులో వెతుక్కోవాలి. వేళ్ళతో తిప్పి చూసుకుని, అడ్డం లేకుండా నూలు జారినట్టు దిగినదాన్నే తెచ్చుకోవాలి.

యంత్రాలంటే అంతగా ఇష్టపడని గాంధీజీ కుట్టుమిషనుకి మినహాయింపు ఇచ్చారు. 1924లో ఒక యువకుడితో మాట్లాడుతూ, మనుషులు కనిపెట్టిన కొద్దిపాటి ఉపయోగకరమైన వస్తువుల్లో సింగరు మిషను ఒకటని అన్నారు. భార్య చేత్తో కుట్టీ కుట్టీ అలిసిపోవడం చూడలేక, ఆమె మీది ప్రేమతో సింగరు దాన్ని తయారుచేశాడని ఆయన నమ్మకం. చరిత్రలో కథ వేరేలా ఉంది. ఐజాక్ సింగరు 1850లో బోస్టనులో ఒక వర్కుషాపుకి వచ్చి, అప్పటికే అక్కడ ఉన్న ఒక మిషనులోని లోపాలు చూసి దాన్ని మెరుగుపరిచాడు, 1851లో పేటెంటు తీసుకున్నాడు. డబ్బు కోసమే ఆ పనిలో దిగాడు. కొనకు కన్నం ఉన్న సూదితో రెండు దారాల కుట్టుకి అంతకుముందే, 1846లో, ఎలియాస్ హోవే పేటెంటు పొందాడు. అయితే గాంధీజీ చెప్పిన మాటను పక్కన పెట్టెయ్యాలని నాకు అనిపించదు. ఒక మనిషి శ్రమ చూసి ఇంకో మనిషి చేసిపెట్టిన వస్తువు ఆయన దృష్టిలో అన్ని యంత్రాలకంటే వేరు. ఫ్యాక్టరీ మిషనులో అది ఉందో లేదో గానీ, ఇంట్లో చేసిన పరికరాల్లో అది నూటికి నూరుపాళ్ళు ఉంటుంది. ఎవరికోసమో తెలియకుండా వాటిని చెయ్యడం కుదరదు. ఎవరి చెయ్యి, ఎంత ఎత్తు కుర్చీ, ఏ గుడ్డ, ఏ కుట్టు అన్నది తెలిస్తేనే ఇత్తడిని ఎక్కడ వంచాలో తెలుస్తుంది.

నేను చేసుకున్నవాటిలో నాకు బాగా నచ్చినది పైపింగు పాదం. జాకెట్టు మెడకు పైపింగు వెయ్యాలంటే క్రాసుగా కత్తిరించిన పట్టీలో సన్నటి దారపు తాడు పెట్టి, ఆ తాడుని ఒరుసుకుంటూ కుట్టు పోవాలి. మామూలు పాదం అడుగు చదునుగా ఉంటుంది. తాడు దాని కిందికి వచ్చేసరికి పాదం ఒకపక్క లేస్తుంది, జారుతుంది, కుట్టు తాడు మీదికన్నా ఎక్కుతుంది, దూరంగానన్నా పోతుంది. దీనికి బజార్లో ప్రత్యేకమైన పాదాలు వచ్చాయి. కానీ నేను వాడే తాడు మందానికి సరిపోయేది కావాలంటే చేసుకోవలసిందే. చవక పాదం ఒకటి కొని, బోర్లించి పట్టకారులో బిగించి, సన్నటి గుండ్రటి ఆకురాయితో అడుగున ముందునుంచి వెనక్కి ఒక గాడి తియ్యాలి. సూది దిగే చీలికకు పక్కనే, దాన్ని ఆనుకుని. గాడి లోతు తాడు మందం కంటే కొంచెం తక్కువ ఉండాలి. మరీ లోతైతే పాదం తాడుని నొక్కదు, గుడ్డ నడవదు. కొంచెం అరగదీయడం, మిషనుకి ఎక్కించి పాత గుడ్డ మీద కుట్టి చూడటం, మళ్ళీ దించడం. చివర్న ఉప్పుకాగితం సన్నరకంతో గాడిలో రుద్ది, వేలుగోరుతో తడిమితే ఎక్కడా తగలకూడదు. అరగదీసినచోట నికెలు పూత పోతుంది కాబట్టి తుప్పు పడుతుంది, వాడి పెట్టేముందు మిషను నూనె చుక్క రాయాలి. మిషనుతోపాటు వచ్చిన అసలు పాదాన్ని మాత్రం ఎప్పుడూ ఆకురాయికి అప్పగించకూడదు. అది పోతే అలాంటిది మళ్ళీ రాదు.

దారపు కోనులది ఇంకో కథ. పాత మిషనుకి పైన నిలువు పుల్ల ఒకటే ఉంటుంది, చిన్న రీళ్ళ కోసం. రీలు గిర్రున తిరుగుతూ పక్కనుంచి దారం వదులుతుంది. ఇప్పుడు మనం కొనే పెద్ద కోను అలా తిరగదు. దాని దారం పైకి, కొన మీదుగా ఊడిరావాలి. దాన్ని తీసుకెళ్ళి ఆ పుల్లకి గుచ్చితే బరువుకి ఈడుస్తుంది, దారం బిగుసుకుంటుంది, పల్చటి గుడ్డయితే కుట్టు పొడుగునా ముడతలు పడుతుంది. టెన్షను మర తిప్పీ తిప్పీ విసిగి మిషను పాడైందనుకునేవాళ్ళు ఎందరో. కోనుని ఒక స్టీలు గ్లాసులో నిలబెట్టి మిషను వెనక పెట్టుకుని, పైన ఒక కొక్కెం ఉంటే చాలు. పాత సైకిలు స్పోకు ఒకటి తీసుకుని, ఒక కొసను చిన్న చెక్కముక్కలో దిగ్గొట్టి, రెండో కొసను గుండ్రంగా చుట్టాలి. ఆ చుట్టు సరిగ్గా కోను కొనకు నెత్తిన రావాలి, ఒకపక్కకు ఒరిగిందంటే దారం ఆ పక్కనే రాసుకుంటుంది. సైకిలు స్పోకు ఉక్కు నునుపుగా ఉంటుంది, తుప్పు తొందరగా పట్టదు, వంచితే వంగి అలాగే నిలుస్తుంది. దీనికి ఇంతకంటే మంచి సరుకు డబ్బిచ్చినా దొరకదని నా అభిప్రాయం.

చిన్నచిన్నవి చాలా ఉన్నాయి. బాబిన్ చుట్టే చిన్న చక్రానికి రబ్బరు అరిగిపోతే సరైన కొలత రింగు వెతుక్కోవాలి, అది దొరికేదాకా సైకిలు వాల్వ్ ట్యూబు ముక్క వరసగా చుట్టి తొడిగినా పని నడుస్తుంది. రీలు కింద పాత కంబళి బిళ్ళ వేస్తే రీలు అదుపు తప్పి తిరగదు. మెడ కింద, సూది వెలుగు చూసేలా, చిన్న ఎల్‌ఇడి పట్టీ. పాత స్పీకరులోని అయస్కాంతం కూడా మంచి అడ్డుగోడే, ఎందుకంటే పలక పోత ఇనుము, ఎక్కడ పెట్టినా అంటుకుంటుంది, మర రంధ్రం అందని దూరంలో కూడా. బరువైన గుడ్డ నెట్టితే జరిగిపోతుంది, అదొక్కటే లోపం. బాబిన్ కేసుకి దూరంగా ఉంచాలి.

మిషను ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళకి పళ్ళు అడ్డం. పళ్ళను కిందికి దించే మీట కొన్ని మోడళ్ళకే ఉంది, అంతకంటే పాతవాటికి పళ్ళమీద మూత వెయ్యాలి. పాల పొడి డబ్బా రేకు మంచిది, పల్చగా ఉంటుంది, వంగినా విరగదు. పళ్ళెత్తుకి సరిపడా మధ్యలో ఉబ్బుగా తట్టి, సూది దిగేచోట రంధ్రం తొలిచి, తోకలా ఒక భాగం వదిలి దాన్ని పలక మీది మరకు బిగించాలి. సూది రంధ్రం అంచు రెండువైపులా నునుపు చెయ్యకపోతే కింది దారం తెగుతూనే ఉంటుంది. పాదం తీసేసి, గుడ్డని చట్రంలో బిగించి చేత్తో నడుపుతారు కదా, అప్పుడు కూడా పాదం ఎత్తే మీటను కిందికి దించే ఉంచాలి. మీట పైన ఉంటే టెన్షను బిళ్ళలు విడిపోయి ఉంటాయి, పైదారానికి పట్టు ఉండదు, అడుగున దారం గుట్టగా పేరుకుంటుంది. పాదమే లేదు, ఇక మీటతో ఏం పని అనుకుంటారు కొత్తగా నేర్చుకునేవాళ్ళు.

ఇన్ని చెప్పాను గానీ, వద్దన్నవి కూడా ఉన్నాయి నాకు. మిషనుకి కొత్త రంధ్రం తొలవకూడదు. ఫ్యాక్టరీ వదిలినచోట ఎన్నయినా బిగించుకోవచ్చు, వదలనిచోట చెయ్యి పెట్టకూడదు. మనం చేర్చింది ఏదైనా మరుక్షణంలో తీసేసేలా ఉండాలి. మన తర్వాత దాన్ని వాడేవాళ్ళ పని వేరే కావచ్చు, వాళ్ళకి మిషను మొదటి రూపంలోనే అందాలి. నల్లటి ఒంటి మీది బంగారు ముద్రల మీద టేపు అంటించకూడదు, ఊడదీసినప్పుడు ముద్ర దాంతోపాటు వచ్చేస్తుంది. స్పిరిటుతో తుడిచినా పైపూత కరిగి అవి చెదురుతాయి. ఎల్‌ఇడి పట్టీని నేను దారంతో కట్టుకున్నాను.

కొందరు ఇప్పుడు ఇవన్నీ కంప్యూటర్లో గీసి త్రీడీ ప్రింటరులో ప్లాస్టిక్కుతో పోసుకుంటున్నారు. నాకది చాలా సంతోషం. ఆకురాయి పట్టినా, ప్రింటరు నడిపినా ముందు చెయ్యవలసింది ఒక్కటే, మిషను పక్కన కూర్చుని చెయ్యి ఎక్కడ ఆగుతోందో చూడటం. సింగరు చెక్కపెట్టెలోని పరికరాలు చూస్తే ఆ కాలపు గౌన్లు కనిపించినట్టే, ఒక ఇంటి మిషను డబ్బా తెరిచి చూస్తే ఆ ఇంట్లో ఎవరు ఏం కుట్టారో కనిపిస్తుంది. పెద్దమ్మ కుట్టిన పరికిణీలు ఒక్కటీ ఇప్పుడు లేవు, వాటిని కట్టిన పిల్లలు అమ్మమ్మలవుతున్నారు. ఇత్తడి పట్టీ చీలికలో ఒకచోట మర నొక్కి నొక్కి పడిన గుంట ఉంది. ఆ గుంట మీద మర పెట్టి బిగిస్తే సూదికీ గోడకీ మధ్య సరిగ్గా అంగుళం.

ఈమధ్య మా అపార్టుమెంటులో కింది వాటా అమ్మాయి జీన్సు ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చింది. జీన్సు అంచు మడిస్తే పక్క అతుకులు వచ్చేచోట గుడ్డ పొరలు గుట్టపడతాయి. పాదం ఆ గుట్ట ఎక్కేటప్పుడు ముందువైపు లేచి వెనక్కి వాలుతుంది, పళ్ళకు గుడ్డ అందదు, కుట్లు తప్పిపోతాయి, ఒక్కోసారి సూది విరుగుతుంది. పాదం వెనక భాగం కింద అంతే మందం ఉన్నదేదైనా పెడితే పాదం సమంగా నిలిచి గుట్ట దాటుతుంది. దిగేటప్పుడు అదే ముక్కని ముందువైపు పెట్టాలి. నేను దీనికి అట్టముక్కలు మడిచి, మూడు మందాల్లో కుట్టి పెట్టుకున్నాను. ఆ అమ్మాయికి ఎలా పెట్టాలో చూపించి, నా పనిలో నేనున్నాను. రెండో కాలుకి వచ్చేసరికి, "ఆంటీ, గుట్ట ఎక్కాక దీన్ని లాగి మళ్ళీ ముందు పెట్టడమెందుకు, మధ్యలో చీలిక ఉంటే సూదికి అటూ ఇటూ జరుగుతుంది కదా" అంది. బ్యాగులోంచి గడువు తీరిన బస్ పాస్ ప్లాస్టిక్ కవరు తీసి, మూడు మడతలు వేసి, కత్తెరతో నడుమ చీల్చింది. ప్లాస్టిక్కు నునుపు కాబట్టి జీన్సు మీద అట్టకంటే బాగా జారింది. చీలిక మాత్రం ఒక కొసన తెరిచి ఉంచాలా, రెండువైపులా మూయాలా అన్నదానిమీద కాసేపు వాదించుకున్నాం. తెరిచి ఉంటే సూది కింద ఉన్నప్పుడే పక్కనుంచి దూర్చి తియ్యొచ్చని ఆమె వాదన. తనదే సరైనది. నా మూడు అట్టముక్కల్నీ ఆ సాయంత్రమే అలా చీల్చుకున్నాను.